గంగా జలాల ఒప్పందం: 30 ఏళ్ల గడువు ముగిస్తే ఫరక్కా దగ్గర నీళ్లు ఎవరికెన్ని?

జనవరి 1 నుంచి మే 31 వరకు ఏటా ఈ అయిదు నెలలూ పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర ఒక లెక్క నడుస్తుంటుంది. భారత్, బంగ్లాదేశ్ ఇంజినీర్లు కలిసి ప్రతిరోజూ గంగా నది ప్రవాహాన్ని కొలుస్తారు. వచ్చిన నీళ్లెన్ని, కాలువలోకి మళ్లించినవెన్ని, కిందికి వదిలినవెన్ని అని రాసుకుంటారు. సరిహద్దు దాటాక పద్మా నది మీద ఉన్న హార్డింజ్ వంతెన దగ్గర కూడా ఇలాగే ఉమ్మడిగా కొలుస్తారు.

ఈ లెక్కకు ఆధారం 1996 డిసెంబరు 12న రెండు దేశాలు చేసుకున్న గంగా జలాల ఒప్పందం. అప్పట్లో దాని గడువు 30 ఏళ్లు అని రాసుకున్నారు. అంటే 2026 డిసెంబరు 12తో అది ముగుస్తుంది. దానంతట అది కొనసాగదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే పొడిగింపు.

మరి ఒప్పుకోకపోతే? వేసవిలో గంగ నీళ్లు ఎవరికెన్ని అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉండదు. ఒకవైపు కోల్‌కతా పోర్టు, మరోవైపు బంగ్లాదేశ్ నైరుతి జిల్లాల్లోని కోట్ల మంది తాగునీరు, సాగునీరు ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి. అసలు గొడవ ఎక్కడ మొదలైంది? నీళ్లను ఎలా పంచుకుంటున్నారు? లోపాలేంటి? వివరంగా చూద్దాం.

ఫరక్కా ఎక్కడుంది? ఎందుకు కట్టారు?

ఫరక్కా బ్యారేజీ పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లాలో ఉంది. బంగ్లాదేశ్ సరిహద్దు అక్కడికి సుమారు 18 కిలోమీటర్లే. బ్యారేజీ పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. దీన్ని దాటాక గంగ రెండు దారులు పడుతుంది. ప్రధాన ప్రవాహం బంగ్లాదేశ్‌లోకి వెళ్లి పద్మా నదిగా పేరు మార్చుకుంటుంది. చిన్న పాయ భాగీరథి, దిగువన హుగ్లీ పేరుతో కోల్‌కతా మీదుగా సముద్రంలో కలుస్తుంది.

కొన్ని వందల ఏళ్ల కిందట హుగ్లీ వైపు ఎక్కువ నీళ్లు వెళ్లేవి. కాలక్రమంలో నది తూర్పుకు జరిగి పద్మా ప్రధాన పాయ అయింది. దాంతో హుగ్లీలో వేసవిలో నీళ్లు తగ్గాయి, సముద్రపు పోటుతో వచ్చే మట్టి మేట వేసింది. కోల్‌కతా పోర్టుకు పెద్ద ఓడలు రావడం కష్టమైంది.

దీనికి పరిష్కారంగా గంగకు అడ్డంగా కట్ట కట్టి నీళ్లు హుగ్లీకి మళ్లించాలన్న ఆలోచన చాలా పాతది. 19వ శతాబ్దం మధ్యలోనే ఆ మాట అన్న ఇంజినీరు ఎవరో కాదు, మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్. నిర్మాణం మాత్రం 1961లో మొదలైంది. ఆ దశాబ్దంలో కేంద్ర నీటిపారుదల శాఖ చూసిన మంత్రి కూడా తెలుగువారే, విజయవాడ ఎంపీ కానూరి లక్ష్మణరావు.

1975 ఏప్రిల్ 21న ఫరక్కా పనిచేయడం మొదలుపెట్టింది. ఇక్కడి నుంచి భాగీరథికి నీళ్లు తీసుకెళ్లే ఫీడర్ కెనాల్ పొడవు 38 కిలోమీటర్లు, సామర్థ్యం 40,000 క్యూసెక్కులు. గుర్తుపెట్టుకోండి, కథంతా ఈ 40,000 చుట్టూనే తిరుగుతుంది.

కొరత ఎంత?

వానాకాలంలో గంగలో నీళ్లకు లోటే లేదు. 27 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినా తట్టుకునేలా ఫరక్కాను డిజైన్ చేశారు. అదే నది మార్చి, ఏప్రిల్ నెలల్లో 60 వేల క్యూసెక్కులకు, కొన్నిసార్లు 50 వేల కంటే కిందికి పడిపోతుంది.

మనకు అలవాటైన టీఎంసీల్లో చెప్పుకుంటే, 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే 35,000 క్యూసెక్కులు రోజుకు 3 టీఎంసీలు. దాదాపు మన ప్రకాశం బ్యారేజీ నిండా ఉండే నీళ్లన్నమాట. 70,000 క్యూసెక్కులంటే రోజుకు 6 టీఎంసీలు.

మొత్తం 60 వేలు వచ్చే రోజుల్లో ఫీడర్ కెనాల్ 40 వేలు లాగేస్తే బంగ్లాదేశ్‌కు మిగిలేది 20 వేలు. కాలువ సగమే నిండితే హుగ్లీలో మేట కొట్టుకుపోదని భారత్ వాదన. సగం నది కూడా రాకపోతే మా డెల్టా ఎండిపోతుందని బంగ్లాదేశ్ వాదన. ఉన్న నీళ్లు ఇద్దరి అవసరాలకూ చాలవు. సమస్య మూలం ఇదే.

ఒప్పందానికి ముందు 45 ఏళ్ల పంచాయితీ

1951లోనే అప్పటి పాకిస్తాన్ ఈ ప్రాజెక్టుపై అభ్యంతరం చెప్పింది. 1971లో బంగ్లాదేశ్ పుట్టింది. మరుసటి ఏడాదే రెండు దేశాలు ఉమ్మడి నదుల కమిషన్ ఏర్పాటు చేసుకున్నాయి. రెండు దేశాలకూ ఉమ్మడిగా ఉన్న నదులు 54. వాటిలో పెద్ద తగాదా మాత్రం ఫరక్కాదే.

1975లో బ్యారేజీ తెరిచినప్పుడు 41 రోజులకు తాత్కాలిక అవగాహన కుదిరింది. మే 31 వరకు పది రోజులకోసారి పెంచుతూ 11 వేల నుంచి 16 వేల క్యూసెక్కుల వరకు కాలువలోకి తీసుకోవచ్చన్నారు. గడువు అయిపోయింది, నీళ్లు తీసుకోవడం మాత్రం ఆగలేదు. అదే ఏడాది ఆగస్టులో షేక్ ముజీబుర్ రహ్మాన్ హత్యతో ఢాకాలో రాజకీయం కూడా మారిపోయింది.

1976 మే 16న మౌలానా భాషానీ నాయకత్వంలో వేలాది మంది రాజ్‌షాహీ నుంచి సరిహద్దు వైపు లాంగ్ మార్చ్ చేశారు. బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ మే 16ను ఫరక్కా దినంగా గుర్తు చేసుకుంటారు. అదే ఏడాది ఈ గొడవ ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లింది.

1977లో అయిదేళ్ల ఒప్పందం కుదిరింది. అందులో బంగ్లాదేశ్‌కు ముఖ్యమైన ఒక హామీ ఉంది. నది ఎంత తగ్గినా షెడ్యూల్‌లో రాసిన వాటాలో 80 శాతం తగ్గకుండా ఇస్తామన్నారు. 1982, 1985లలో చేసుకున్న అవగాహనల్లో ఈ హామీ లేదు. 1988 తర్వాత అసలు ఏ ఒప్పందమూ లేదు.

ఒప్పందం లేకపోతే ఏమవుతుందో ఆ ఎనిమిదేళ్లు చూపించాయి. 1993 మార్చిలో హార్డింజ్ వంతెన దగ్గర పద్మా ప్రవాహం 10 వేల క్యూసెక్కుల లోపుకు పడిపోయింది. వరదల్లో అవతలి గట్టు కనిపించని నది అది. ఆ వేసవిలో వంతెన కింద ఇసుక మేటలే మిగిలాయి.

1996లో ఏం రాసుకున్నారు?

1996లో ఇటు ప్రధానిగా దేవెగౌడ, అటు షేక్ హసీనా. విదేశాంగ మంత్రిగా ఐ.కె. గుజ్రాల్, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా జ్యోతిబసు చొరవ తీసుకున్నారు. ఢిల్లీలో సంతకాలయ్యాయి. ఫార్ములా ఇది:

ఫరక్కాకు 70,000 క్యూసెక్కులు, లేదా అంతకంటే తక్కువ వస్తే చెరి సగం.

70,000 నుంచి 75,000 మధ్య వస్తే బంగ్లాదేశ్‌కు 35,000, మిగిలింది భారత్‌కు.

75,000 దాటితే భారత్‌కు 40,000, మిగిలింది బంగ్లాదేశ్‌కు.

ఈ లెక్క పది రోజుల సగటుకు వర్తిస్తుంది. జనవరి మొదట్లో లక్ష క్యూసెక్కుల పైన వస్తే గొడవే లేదు. భారత్ 40 వేలు తీసుకున్నా బంగ్లాదేశ్‌కు 60 వేలకు పైగా వెళ్తాయి. అసలు పరీక్ష మార్చి 11 నుంచి మే 10 వరకు. ఈ రెండు నెలలకు ఇంకో నిబంధన పెట్టారు. ఒక పది రోజులు బంగ్లాదేశ్‌కు, తర్వాతి పది రోజులు భారత్‌కు, ఇలా వంతులవారీగా 35,000 క్యూసెక్కులు గ్యారంటీ.

ఉదాహరణకు ఏప్రిల్‌లో ఫరక్కాకు 52,000 క్యూసెక్కులే వస్తున్నాయనుకుందాం. ఏప్రిల్ 1 నుంచి 10 వరకు బంగ్లాదేశ్ వంతు. వాళ్లకు 35,000 పోగా భారత్‌కు మిగిలేది 17,000. ఏప్రిల్ 11 నుంచి 20 వరకు భారత్ వంతు. అప్పుడు బంగ్లాదేశ్‌కు 17,000. మన కాలువల కింద రైతులకు వారబందీ తెలుసు కదా, ఇది రెండు దేశాల మధ్య అలాంటిదే.

ఏ పది రోజుల్లోనైనా ప్రవాహం 50,000 కంటే తగ్గితే రెండు ప్రభుత్వాలూ వెంటనే కూర్చుని అత్యవసరంగా సర్దుబాటు చేసుకోవాలని ఒప్పందం చెబుతోంది. ఎలా సర్దుకోవాలో మాత్రం చెప్పలేదు.

ఒప్పందంలో లోపాలేంటి?

మొదటిది, లెక్కలు పాతవి. ఏ పది రోజుల్లో ఎన్ని నీళ్లు రావచ్చు అన్న పట్టికకు ఆధారం 1949 నుంచి 1988 వరకు ఉన్న 40 ఏళ్ల సగటు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో సాగు పెరిగింది, బోర్లు పెరిగాయి. వేసవిలో నదిని బతికించేది మంచు నీళ్లొక్కటే కాదు. భూమిలో ఇంకిన నీళ్లు ఊటగా నదిలోకి చేరడం వల్లే చాలా భాగం ప్రవాహం ఉంటుంది. బోర్లతో ఆ నీళ్లను తోడేస్తే నదికి చేరే ఊట తగ్గుతుంది. ఒప్పందం కుదిరిన మరుసటి ఏడాది 1997 వేసవిలోనే ప్రవాహం అంచనాల కంటే బాగా పడిపోయింది.

రెండోది, ఒప్పందం ఫరక్కా దగ్గరికి చేరిన నీళ్ల గురించే. ఎగువన ఎవరెంత వాడాలన్న పరిమితి లేదు. ఫరక్కా ప్రవాహాన్ని కాపాడటానికి ఎగువ దేశం అన్ని ప్రయత్నాలూ చేస్తుందని మాత్రం రాశారు. వాటా మారలేదు, కానీ పంచాల్సిన మొత్తమే తగ్గిపోతే ఏం చేయాలి?

మూడోది, 1977లోలాగా 80 శాతం హామీ ఇందులో లేదు. వాటాలను సవరించాలని సమీక్షలో చర్చ జరుగుతూ, ఇద్దరికీ కుదరకపోతే, కుదిరేదాకా బంగ్లాదేశ్ వాటాలో కనీసం 90 శాతం భారత్ వదలాలన్న నిబంధన మాత్రం ఉంది.

నాలుగోది, తగువు తీర్చే మూడో మనిషి లేడు. సింధు జలాల ఒప్పందంలో ప్రపంచ బ్యాంకు పాత్ర ఉంది. ఇక్కడ ఉమ్మడి కమిటీ తేల్చకపోతే నదుల కమిషన్, అక్కడా తేలకపోతే రెండు ప్రభుత్వాలు. అంతే. ఇద్దరే మాట్లాడుకోవడం మేలని భారత్ మొదటి నుంచీ అంటోంది.

అయిదోది, నేపాల్ బల్ల దగ్గర లేదు. వేసవిలో ఫరక్కాకు చేరే నీళ్లలో దాదాపు 70 శాతం నేపాల్ నుంచి వచ్చే కోసీ, గండక్, ఘాఘ్రా వంటి ఉపనదులవేనని అంచనా. నేపాల్‌లో డ్యాములు కట్టి వరద నీళ్లు నిల్వ చేస్తే వేసవి కొరత తీరుతుందని బంగ్లాదేశ్ దశాబ్దాల కిందటే ప్రతిపాదించింది. బ్రహ్మపుత్ర నుంచి కాలువ తవ్వి గంగకు నీళ్లు తేవాలని భారత్ ప్రతిపాదించింది. రెండూ కాగితాల మీదే ఆగిపోయాయి.

నీళ్లు తగ్గితే ఎవరికేం జరుగుతోంది?

బంగ్లాదేశ్‌లో పద్మా నుంచి విడిపోయే గొరాయ్ నది నైరుతి జిల్లాలకు మంచినీళ్లు తీసుకెళ్తుంది. వేసవిలో పద్మా మట్టం తగ్గితే గొరాయ్ ముఖద్వారంలో ఇసుక తేలి ప్రవాహం తెగిపోతుంది. పైనుంచి మంచినీళ్లు నెట్టకపోతే కింద నుంచి సముద్రపు ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. ఖుల్నా ప్రాంతంలో చేలు, చెరువులు ఉప్పుబారడానికి ఇదొక ముఖ్య కారణం. సుందర్బన్స్‌లో ఆ అడవికి పేరు తెచ్చిన సుందరి చెట్లు కూడా ఉప్పుకు దెబ్బతింటున్నాయి. కుష్టియా వైపు గంగా-కొబదక్ ఎత్తిపోతల పథకానికి పద్మాలో మట్టం అందకపోతే పంపులు ఆపేయాల్సి వస్తుంది.

ఇటు భారత్‌లోనూ అందరూ సంతోషంగా లేరు. ఫరక్కా కట్టకముందే పశ్చిమ బెంగాల్ ఇంజినీరు కపిల్ భట్టాచార్య హెచ్చరించారు. దీనివల్ల పోర్టు బాగుపడదు, పైగా బిహార్, మాల్దా, ముర్షిదాబాద్‌లలో వరదలు పెరుగుతాయన్నారు. అప్పట్లో ఆయన మీద దేశద్రోహి ముద్ర వేశారు. 2016 వరదల తర్వాత అప్పటి బిహార్ ముఖ్యమంత్రి నీతీశ్ కుమార్ ఫరక్కాను తొలగించాలని బహిరంగంగానే డిమాండ్ చేశారు. బ్యారేజీ వెనక మేట పెరిగి గంగ గర్భం పైకి లేచిందన్నది ఆయన వాదన. మాల్దా, ముర్షిదాబాద్‌లలో ఏటా నది గట్లు కోసుకుపోయి ఇళ్లు, పొలాలు నీళ్లలో కలుస్తున్నాయి. కోల్‌కతా పోర్టుకు ఇప్పటికీ డ్రెడ్జింగ్ తప్పడం లేదు.

అలాగని హుగ్లీకి నీళ్లు ఆపేయడం కుదరదు. కోల్‌కతా తాగేది ఆ నీళ్లే. ఫీడర్ కెనాల్ మీద ఆధారపడి ఫరక్కాలో 2,100 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం నడుస్తోంది.

పొడిగింపు చర్చలు ఎక్కడున్నాయి?

2024 జూన్‌లో హసీనా ఢిల్లీ వచ్చినప్పుడు పొడిగింపు కోసం సాంకేతిక చర్చలు మొదలుపెడతామని రెండు దేశాలు ప్రకటించాయి. తమను అడగకుండా ఎలా నిర్ణయిస్తారంటూ పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా మమతా బెనర్జీ ప్రధానికి లేఖ రాశారు. మన రాజ్యాంగం ప్రకారం నీళ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, విదేశాలతో ఒప్పందాలు కేంద్రం చేతిలో ఉన్నాయి. 2011లో తీస్తా నది ఒప్పందం సంతకాల దాకా వచ్చి ఆగిపోయింది కూడా ఆమె అభ్యంతరం వల్లే.

ఆ తర్వాత రెండు నెలలకే, 2024 ఆగస్టు 5న హసీనా పదవి పోయింది. రెండు దేశాల సంబంధాలు దెబ్బతిన్నాయి. అయినా 2025 మార్చిలో బంగ్లాదేశ్ ఇంజినీర్లు ఎప్పట్లాగే ఫరక్కాకు వచ్చారు, నీళ్లు కొలిచారు, కోల్‌కతాలో సమావేశమయ్యారు. రాజకీయం ఎలా ఉన్నా కొలతలు ఆగకపోవడం ఈ ఒప్పందం సాధించిన అసలు విజయం.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత సింధు జలాల ఒప్పందాన్ని భారత్ పక్కన పెట్టింది. దాంతో తమ ఒప్పందం సంగతేంటన్న ఆందోళన ఢాకాలోనూ పెరిగింది. అదే ఏడాది సరిహద్దు నదులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో బంగ్లాదేశ్ చేరింది.

ముందున్న దారులేంటి?

ఒకటి, పాత ఒప్పందాన్నే కొన్నేళ్లు పొడిగించడం. తేలికైన దారి ఇదే. కానీ పాత లెక్కలూ అలాగే ఉంటాయి.

రెండు, కొత్త లెక్కలతో కొత్త ఒప్పందం. అందులో భారత్‌కు ఎగువ రాష్ట్రాల పెరిగిన అవసరాలు, బంగ్లాదేశ్‌కు కనీస ప్రవాహం హామీ కావాలి. రెండూ ఒకే నదిలోంచి రావాలి కాబట్టి బేరం కష్టమే.

మూడు, మొత్తం నీళ్లనే పెంచుకోవడం. నేపాల్‌ను కలుపుకొని వరద నీళ్లు నిల్వ చేయడం, బోర్ల వాడకం తగ్గించడం, గొరాయ్ ముఖద్వారంలో మేట తీయడం ఇందులోకి వస్తాయి. ఫలితం ఉంటుంది, కానీ ఏళ్లు పడుతుంది. వానాకాలం నీళ్ల మీదే కన్నేసి 1972లో కానూరి లక్ష్మణరావు గంగా-కావేరీ అనుసంధానం ప్రతిపాదించారు. గంగ నుంచి దక్షిణానికి నీళ్లు తేవాలన్న మాట మన దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంటుంది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ కింద ఇంకో దేశం ఉందని, దానికీ వాటా ఉందని గుర్తుంచుకోవాల్సిందే.

నాలుగోది, ఏమీ చేయకపోవడం. గడువు దాటినంత మాత్రాన బ్యారేజీ గేట్లు ఆ రోజే మూసుకుపోవు. కానీ జనవరి 1 వస్తుంది. ఇంజినీర్లు కొలిచినా కొలవకపోయినా నది తగ్గుతూనే ఉంటుంది. మార్చి నాటికి కాలువలోకి ఎన్ని, కిందికి ఎన్ని అన్నది బ్యారేజీ చేతిలో ఉన్నవారి ఇష్టమవుతుంది. 1988 నుంచి 1996 వరకు అదే జరిగింది. ఆ ఎనిమిదేళ్లలో పద్మా గట్టు మీద బతికినవాళ్లకు ఒప్పందం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.